బాణం గుర్తులు లేని స్లైడు: వర్చువల్ మైక్రోస్కోపుతో హిస్టాలజీ చెప్పే పద్ధతి

ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం విద్యార్థులకు హిస్టాలజీ (కణజాలాల సూక్ష్మ నిర్మాణం) ప్రాక్టికల్స్ నడిపే అనాటమీ అధ్యాపకుల కోసం ఇది రాస్తున్నాను. ప్రభుత్వ వైద్య కళాశాలలో చాలా ఏళ్లుగా ఈ పనే చేస్తున్నాను. గాజు స్లైడు అంటే నాకు ఇప్పటికీ ఇష్టమే. అయినా ఏ అవయవం పాఠమైనా ముందు తెర మీదే, గాజు స్లైడును స్కాన్ చేసి కంప్యూటర్‌లో పెట్టిన వర్చువల్ స్లైడుతో మొదలుకావాలని గట్టిగా నమ్ముతున్నాను. ఒకటే షరతు. తెర మీద కూడా వెతుక్కునే పని విద్యార్థిదే. బాణాలు వేసి, పేర్లు రాసి చూపిస్తే పిల్లలు ఆ పేర్లు చదువుతారు, కణజాలాన్ని చూడరు.

ప్రాక్టికల్ హాల్లో ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. "మేడమ్, ఇదేనా?" అని ఒక మూల నుంచి పిలుపు వస్తుంది. వెళ్లి ఐపీస్‌లో కన్ను పెట్టి ఫోకస్ సరిచేసేసరికి ఆ అమ్మాయి అడిగిన కణం ఏదో మనకు తెలియదు, మనం చెబుతున్న కణం ఏదో ఆమెకు తెలియదు. ఒకరి లింఫ్ నోడ్ సెక్షన్‌లో (పలచగా కోసిన ముక్కలో) హైలం, అంటే రక్తనాళాలు లోపలికి వెళ్లే నొక్కు, పడుతుంది, పక్కవాళ్ల దాంట్లో పడదు. వర్చువల్ స్లైడు తీర్చే అసలు ఇబ్బంది ఇదే. బ్యాచ్ మొత్తం ఒకే సెక్షన్‌ను, ఒకే చోటును, ఒకేసారి చూస్తుంది. వేలు పెట్టి చూపిస్తూ వాదించుకోవచ్చు. తెర మీద జూమ్ చేసుకోవచ్చన్నది దీని ముందు చిన్న సౌకర్యం. సరిగా వాడకపోతే అదే హాని కూడా చేస్తుంది. ఎలాగో కింద చెబుతాను.

ఫైలు గురించి అధ్యాపకులకు తెలియవలసినంత

స్కానర్ 20 ఎక్స్ ఆబ్జెక్టివ్‌తో తీస్తే ఒక్కో పిక్సెల్ కణజాలం మీద సుమారు 0.5 మైక్రాన్‌కు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) సమానం. 40 ఎక్స్‌తో తీస్తే సుమారు 0.25 మైక్రాన్. పొడవు, వెడల్పు 15 మిల్లీమీటర్లు ఉన్న సెక్షన్‌ను 40 ఎక్స్‌లో తీస్తే ఒక్కో వైపు 60,000 పిక్సెళ్లు, మొత్తం 360 కోట్ల పిక్సెళ్లు వస్తాయి. కుదించకుండా దాస్తే 10 జీబీ దాటుతుంది. అందుకే కుదించి దాస్తారు. అప్పుడు కూడా వందల ఎంబీల్లో ఉంటుంది, ఒక్కోసారి జీబీ దాటుతుంది.

ఇంత పెద్ద చిత్రం ఫోనులో ఎలా తెరుచుకుంటుందంటే, అదే చిత్రాన్ని చిన్న సైజు నుంచి పెద్ద సైజు దాకా అంచెలుగా దాచి, ఒక్కో అంచెను చిన్న చదరపు ముక్కలుగా కోసి ఉంచుతారు. మనం చూస్తున్న చోటుకు కావలసిన ముక్కలు మాత్రమే వస్తాయి. కాబట్టి ఒక్కరు చూస్తే ఏ ఇబ్బందీ ఉండదు. బ్యాచ్ మొత్తం ఒకేసారి ఇంటర్నెట్ మీద జూమ్ చేయడం మొదలుపెడితే కళాశాల వైఫై నిలబడదు. దీనికి పరిష్కారం కూడా చెబుతాను.

మామూలు అవయవాల స్లైడులకు 20 ఎక్స్ స్కాన్ చాలు. ఫైలు పరిమాణం నాలుగో వంతుకు తగ్గుతుంది. మూత్రపిండంలోని గ్లోమెరులస్, చిన్న పేగులోని పానెత్ కణాలు, నాడీ కణజాలం వంటి వాటిని 40 ఎక్స్‌లో తీయించండి. రక్తపు స్మియర్‌ను మాత్రం నేను తెర మీద చెప్పను. దాన్ని ఆయిల్ ఇమ్మర్షన్ (స్లైడు మీద నూనె చుక్క వేసి చూసే లెన్సు) కింద పిల్లలే చూడాలి, ఆ చేతి పని వాళ్లకు జీవితాంతం పనికొస్తుంది.

స్లైడులు ఎక్కడ దొరుకుతాయి

అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం స్లైడులు, అయోవా విశ్వవిద్యాలయం వర్చువల్ స్లైడ్‌బాక్స్, మిన్నెసోటా విశ్వవిద్యాలయం అధ్యాపకులు తయారుచేసిన హిస్టాలజీ గైడ్, ఈ మూడూ ఆన్‌లైన్‌లో ఎవరైనా చూడవచ్చు. రేపే పాఠం మొదలుపెట్టాలంటే ఇవి చాలు. లింకు ఇచ్చి చూపించండి. బొమ్మలు దించుకుని మన నోట్సులో కలిపే ముందు వాళ్ల వినియోగ నిబంధనలు చదవండి.

అయితే మన విభాగం స్లైడులను మనమే స్కాన్ చేయించుకోవడం అన్నిటికన్నా మంచిది. పరీక్షలో పిల్లల ముందు పెట్టేది మన సెక్షన్, మన రంగులు. బయటి స్లైడులో ఇయోసిన్ అనే రంగు లేత గులాబీగా ఉండి, మన దాంట్లో ముదురు ఎరుపుగా ఉంటే కొత్త విద్యార్థి అదేదో వేరే కణజాలం అనుకుంటాడు.

అనాటమీ విభాగంలో స్కానర్ ఉండటం అరుదు. పాథాలజీ విభాగాన్నో, దగ్గర్లోని క్యాన్సర్ ఆసుపత్రినో, పరిశోధన సంస్థనో అడగండి. వందల స్లైడులు పట్టుకెళ్లవద్దు. ఒక్కో అవయవానికి రెండు మూడు మంచి సెక్షన్లు ఏరుకోండి. వెళ్లేముందు స్లైడు మీద మిగిలిన ఆయిల్‌ను జైలీన్‌తో తుడవండి. గట్టిపడి పైకి లేచిన డీపీఎక్స్‌ను (కవర్ స్లిప్ అతికించే జిగురును) బ్లేడుతో మెల్లగా గీకి తీయండి. కవర్ స్లిప్ అంచు దాటి బయటికి వచ్చినా, లేబుల్ కాగితం మందంగా ఊడి వేలాడుతున్నా స్కానర్‌లో స్లైడు ఇరుక్కుంటుంది. గాలి బుడగ ఉన్న చోట, సెక్షన్ మడత పడిన చోట యంత్రం ఫోకస్ తప్పుతుంది. అలాంటివి పక్కన పెట్టి బ్లాక్ (కణజాలం ఉన్న మైనపు దిమ్మ) నుంచి కొత్తగా 5 మైక్రాన్ల సెక్షన్ తీయించండి.

ఫైలుకు "స్ప్లీన్" అని పేరు పెడితే పాఠం అక్కడే అయిపోయినట్టు. సంకేత సంఖ్యలు ఇవ్వండి, ఏ సంఖ్య ఏ అవయవమో విడిగా రిజిస్టర్‌లో రాసుకోండి. ఇంకొకటి, చాలామంది గమనించనిది: ఎస్‌వీఎస్ (స్కానర్ ఇచ్చే ఒక ఫైలు రకం) వంటి ఫైళ్లలో స్లైడు లేబుల్ ఫొటో కూడా లోపలే దాగి ఉంటుంది. విద్యార్థి వెతికితే జవాబు దొరుకుతుంది. అంతకన్నా ముఖ్యం, శస్త్రచికిత్సలో తీసిన కణజాలం అయితే ఆ లేబుల్ మీద రోగి పేరో, బయాప్సీ నంబరో ఉండవచ్చు. అది పిల్లల ఫోనుల్లోకి వెళ్లకూడదు. స్కాన్ చేసేటప్పుడే లేబుల్ చిత్రం వద్దని చెప్పండి, లేదా లేబుల్‌ను కప్పేసి తీయించండి.

స్కానర్ అసలే దొరకకపోతే కెమెరా ఉన్న ట్రైనాక్యులర్ మైక్రోస్కోపుతో 10 ఎక్స్‌లో వరుసగా, ఒకదాని అంచు మరొకదాని మీదికి వచ్చేలా ఫొటోలు తీసి, ఫిజి అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో అతికించవచ్చు. ఓపిక కావాలి. చిన్న సెక్షన్లకు బాగానే వస్తుంది.

చూపించే సాధనం

కంప్యూటర్ మీద క్యూపాత్ అనే సాఫ్ట్‌వేర్ వాడండి. ఉచితం, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది, స్కానర్ కంపెనీల ఫైళ్లను చాలావరకు నేరుగా తెరుస్తుంది. ఫోనుల్లో చూడాలంటే స్లైడును డీప్ జూమ్ ముక్కలుగా (పైన చెప్పిన అంచెల చదరపు ముక్కలుగా) మార్చి, ఓపెన్‌సీడ్రాగన్ అనే ప్రోగ్రామ్ సాయంతో బ్రౌజర్‌లో తెరిపించవచ్చు. ఇది కంప్యూటర్ తెలిసిన వాళ్లు చేయగల పనే. ప్రయోగశాలలో ఒక కంప్యూటర్‌లో ఆ ముక్కలన్నీ ఉంచి, దానికొక వైఫై రౌటర్ తగిలిస్తే పిల్లలు ఇంటర్నెట్ లేకుండానే తమ ఫోనుల్లో చూడగలరు. ఒక్కో స్లైడు వేల చిన్న ఫైళ్లుగా మారుతుంది కాబట్టి వేరే కంప్యూటర్‌కు పంపేటప్పుడు జిప్ చేసి పంపండి, లేకపోతే కాపీ కావడానికి గంటలు పడుతుంది.

తరగతి నడిపే తీరు

ఇక్కడ ఒక పాఠాన్ని పూర్తిగా చెబుతాను. వైద్య విద్యలో 2019లో వచ్చిన సామర్థ్య ఆధారిత పాఠ్యప్రణాళికలో ఏఎన్ 70.2 అనే అనాటమీ సామర్థ్యం లింఫాయిడ్ కణజాలానిది. లింఫ్ నోడ్, ప్లీహం (స్ప్లీన్), థైమస్, టాన్సిల్, ఈ నాలుగింటినీ మైక్రోస్కోపు కింద గుర్తించాలి. పిల్లలు ఎక్కువగా తడబడే చోటు ఇది, వర్చువల్ స్లైడు అన్నిటికన్నా బాగా పనికొచ్చే చోటూ ఇదే.

మొదట గాజు స్లైడునే చేతికివ్వండి. వెలుతురుకు ఎత్తిపట్టి మామూలు కంటితో చూడమనండి. ఎక్కడ ముదురు ఊదా, ఎక్కడ లేత గులాబీ, అంచు ఎలా ఉంది, ఇవి కాగితం మీద పెన్సిలుతో గీయమనండి. అయిదు నిమిషాల పని. తర్వాత సంకేత సంఖ్యలతో ఉన్న నాలుగు స్లైడులను తెర మీద పక్కపక్కన తెరవండి. క్యూపాత్‌లో ఒకే కిటికీని నాలుగు భాగాలు చేసుకోవచ్చు. సెక్షన్ మొత్తం కనిపించేంత దూరంలో ఆపి, మౌస్ మీద నుంచి చేతులు తీసేయమనండి.

ఈ ఆపడం చాలా ముఖ్యం. నిజమైన మైక్రోస్కోపు విద్యార్థిని 4 నుంచి 10కి, 10 నుంచి 40కి మెట్లెక్కిస్తుంది. తెర మీద ఆ మెట్లు లేవు. మౌస్ చక్రం ఒక్కసారి తిప్పితే నేరుగా కణాల మధ్యకు వెళ్లిపోతాడు. అక్కడ ఈ నాలుగు అవయవాలూ ఒకేలా ఉంటాయి: చిన్న గుండ్రటి ముదురు కేంద్రకాలు, ఎటు చూసినా లింఫోసైట్లు. దగ్గరికి వెళ్లేకొద్దీ తేడా మాయమవుతుంది. పోల్చుకునే ఆధారాలన్నీ తక్కువ పవర్‌లోనే ఉన్నాయి.

అప్పుడు ప్రశ్నలు వేయండి, జవాబులు చెప్పకండి. "చుట్టూ గుళిక, అంటే అవయవాన్ని కప్పే పొర, ఉందా? లేకపోతే అక్కడ ఏముంది?" టాన్సిల్ అక్కడే బయటపడుతుంది, ఒక వైపు స్తరిత పొలుసుల ఎపిథీలియం, అది లోపలికి ముడుచుకుని ఏర్పడిన క్రిప్టులు. "మిగిలిన మూడింటిలో బయట ముదురు, లోపల లేత అని విభజన ఎక్కడుంది?" ప్లీహంలో ఉండదు. ఎర్రటి పల్ప్‌లో ఊదా రంగు ముద్దలు చెదురుమదురుగా ఉంటాయి. "ఆ ముదురు భాగంలో గుండ్రటి ఫాలికిల్స్ (లింఫోసైట్ల గుంపులు) ఉన్నాయా?" ఉంటే లింఫ్ నోడ్. లేకుండా లోబ్యూల్స్‌గా (చిన్న చిన్న భాగాలుగా) విడిపోయి ఉంటే థైమస్.

ప్రతి జవాబుకూ "ఎలా చెప్పావమ్మా?" అని అడగండి. తప్పు చెప్పినా ఆధారం చెబితే మెచ్చుకోండి. అందరూ ఊహ చెప్పాక మాత్రమే జూమ్ చేయనివ్వండి, అది కూడా ఆ ఊహను పరీక్షించుకోవడానికి. థైమస్ అనుకున్నవాడు లోపలి లేత భాగమైన మెడుల్లాలోకి వెళ్లి, ఉల్లిపొరల్లా చుట్టుకున్న గులాబీ రంగు హాసల్స్ కార్పసుల్‌ను పట్టుకోవాలి. ప్లీహం అనుకున్నవాడు తెల్లటి పల్ప్‌లో ఒక పక్కకు జరిగి ఉన్న ధమనికను చూపించాలి. లింఫ్ నోడ్ అన్నవాడు గుళిక కిందనే ఉండే లేత సబ్‌క్యాప్సులర్ సైనస్‌ను చూపించాలి. వెతికి దొరకబుచ్చుకున్నప్పుడు వాళ్ల ముఖాల్లో కనిపించే వెలుగు, బాణం గుర్తు చూపించి చెప్పినప్పుడు నేనెప్పుడూ చూడలేదు.

బాణాలు పూర్తిగా వద్దని కాదు. ముందే గుర్తులు పెట్టుకుని దాచి ఉంచండి, చివరి పది నిమిషాల్లో బయటపెట్టండి. అంతకన్నా మంచి పని, గుర్తులు పిల్లల చేతే పెట్టించడం. "ఈ సెక్షన్‌లో మూడు గోబ్లెట్ కణాలు గుర్తించు" అని ఇచ్చి, వాళ్లు పెట్టిన గుర్తుల ఫైళ్లు తీసుకుని అన్నీ ఒకే స్లైడు మీద తెరవండి. ఎక్కడ అందరూ కలిశారో, ఎక్కడ సగం మంది తప్పారో కళ్లకు కడుతుంది. తర్వాతి తరగతిలో ఏం చెప్పాలో మీకు దానితోనే తేలుతుంది. మృదు కండరం, స్నాయువు (టెండన్) సెక్షన్ల దగ్గర ఈ తప్పు దాదాపు ఖాయం. రెండూ గులాబీ రంగులో సమాంతరంగా సాగే పోగులే. మృదు కండరంలో కేంద్రకం పోగు లోపల, మధ్యలో ఉంటుంది. స్నాయువులో సన్నగా నొక్కుకుపోయిన కేంద్రకాలు పోగుల మధ్య వరుసగా ఉంటాయి. ఈ తేడా నోటితో చెబితే నిలవదు. రెండు స్లైడులూ పక్కపక్కన పెట్టి వాళ్లనే కనిపెట్టమనండి. మూత్రనాళం (యురీటర్), శుక్రవాహిక కూడా ఇలాగే జతగా చూపించండి. పెరోటిడ్, సబ్‌మాండిబ్యులర్, సబ్‌లింగ్వల్ లాలాజల గ్రంథులను మూడింటినీ కలిపి చూపించండి.

కొలత

తెర మీద "40 ఎక్స్" అని కనిపించే అంకెను పిల్లలు నమ్మకుండా చూడండి. అదే స్లైడు ఫోనులో ఒక పరిమాణంలో, ప్రొజెక్టర్ గోడ మీద మరో పరిమాణంలో కనిపిస్తుంది. నమ్మవలసింది స్కేల్ బార్‌ను. అంతకన్నా సులువైన కొలబద్ద సెక్షన్‌లోనే ఉంటుంది, ఎర్ర రక్తకణం, సుమారు 7 మైక్రాన్లు. ఎక్కడో ఒక కేశనాళికలో అది దొరకకుండా ఉండదు. దాని పక్కన పెట్టి ఏ కణం ఎంత పెద్దదో చెప్పించండి.

ఇంకొక పని నాకు బాగా ఫలించింది. మన మైక్రోస్కోపుల ఐపీస్ మీద ఫీల్డ్ నంబర్ 18 అని ఉంటే, 4 ఎక్స్ ఆబ్జెక్టివ్‌లో కనిపించే వృత్తం వ్యాసం 4.5 మిల్లీమీటర్లు, 10లో 1.8, 40లో 0.45 మాత్రమే. క్యూపాత్‌లో స్లైడు మీద 450 మైక్రాన్ల వ్యాసంతో ఒక వృత్తం గీసి చూపించండి. మొత్తం సెక్షన్ మీద అది ఎంత చిన్న చుక్కో చూశాక, నేరుగా 40 ఎక్స్ పెట్టి దారి తప్పడం ఎందుకు జరుగుతుందో పిల్లలకు చెప్పనవసరం లేదు.

బొమ్మ గీయడం మానిపించవద్దు

తెర వచ్చింది కదా అని రికార్డు పుస్తకాన్నీ, హెచ్ అండ్ ఇ పెన్సిళ్లనూ (స్లైడుకు వేసే హెమటాక్సిలిన్, ఇయోసిన్ రంగుల్లో ఉండే ఊదా, గులాబీ పెన్సిళ్లనూ) మూలకు నెట్టే ఆలోచనను నేను ఒప్పుకోను. గీస్తేనే కన్ను ఆగుతుంది. కానీ పాఠ్యపుస్తకం చూసి గీయకూడదు. కాలేయం బొమ్మ చూడండి. ప్రతి రికార్డులోనూ చక్కటి షడ్భుజాలు ఉంటాయి. అలాంటి స్పష్టమైన గట్లు పంది కాలేయంలో ఉంటాయి, లోబ్యూల్స్ మధ్య సంధాయక కణజాలం అక్కడ ఎక్కువ. మనిషి కాలేయంలో ఆ గీత అంత తేటగా కనిపించదు. కేంద్ర సిరను వెతికి, చుట్టూ ఉన్న పోర్టల్ ట్రయాడ్లను (ధమని, సిర, పిత్తనాళం కలిసి ఉండే చోట్లను) వెతికి, గీత మనమే ఊహించుకోవాలి. తెర మీద మనిషి కాలేయం ఇచ్చి, ఒక్కొక్కరికీ సెక్షన్‌లో ఒక్కో చోటు కేటాయించి అక్కడ కనిపించేదే గీయమనండి. పక్కవాడి రికార్డు చూసి రాయడానికి వీలుండదు, షడ్భుజం కనిపించలేదని వచ్చి అడిగే వాళ్లు మొదలవుతారు. ఆ ప్రశ్న వచ్చిందంటే పాఠం చేరింది.

గాజు స్లైడు దగ్గరికి తిరిగి తీసుకురావడం

పాఠ్యప్రణాళికలో ఏఎన్ 65 నుంచి 72 వరకు ఉన్న సామర్థ్యాల్లో మళ్లీ మళ్లీ కనిపించేది మైక్రోస్కోపు కింద గుర్తించడం. రేపు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మలేరియా స్మియర్, కఫం స్మియర్ చూడాల్సి వస్తే అక్కడ ఉండేది మైక్రోస్కోపే. సాధారణ స్కాన్ ఒకే లోతులో ఫోకస్ చేసిన చిత్రం. ఫైన్ అడ్జస్ట్‌మెంట్ మెల్లగా తిప్పుతూ సిలియాను (కణాల పైనుండే సన్నని వెంట్రుకల్లాంటి వాటిని) తేటగా తెచ్చుకోవడం తెర మీద కుదరదు. వేర్వేరు లోతుల్లో పొరలుగా తీసే స్కానర్లు ఉన్నా, ఎన్ని పొరలు తీస్తే ఫైలు దాదాపు అన్ని రెట్లు పెరుగుతుంది.

అందుకని రెండు గంటల ప్రాక్టికల్‌లో మొదటి 40 నిమిషాలు తెరకు, మిగిలిన సమయం మైక్రోస్కోపుకు, బొమ్మకు ఇవ్వండి. రెండోది మొదటిదానికి కొనసాగింపుగా ఉండాలి. "ఇప్పుడు తెర మీద చూసిన హాసల్స్ కార్పసుల్‌ను నీ గాజు స్లైడులో పట్టుకో" అనండి. ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. మైక్రోస్కోపులో బింబం తలకిందులుగా ఉంటుంది కాబట్టి స్లైడును కుడికి జరిపితే చిత్రం ఎడమకు పోతుంది. తెరకు అలవాటు పడిన చేతులు ఇక్కడ కంగారు పడతాయి. ముందే చెప్పి, ఖాళీ స్లైడు మీద ఒక అక్షరం రాసి సాధన చేయించండి.

పరీక్ష పెట్టేటప్పుడు

స్పాటర్లకు (చూపించిన దాన్ని గుర్తించే పరీక్ష ప్రశ్నలకు) వర్చువల్ స్లైడు మేలు చేస్తుంది. మైక్రోస్కోపు వరుసలో ఒకరి చేయి తగిలి స్టేజి కదిలిందంటే, పాయింటర్ చూపించే కణం మారిపోయి ఆ తర్వాతి వాళ్లంతా నష్టపోతారు. తెర మీద అందరికీ ఒకే ప్రశ్న. కానీ ఒక ఫొటో ముక్క పెట్టవద్దు, స్లైడు మొత్తం ఇచ్చి గుర్తు పెట్టిన చోటు నుంచి వెనక్కి జరిగి చూసే అవకాశం ఇవ్వండి. ఏటా అదే సెక్షన్ కూడా పెట్టవద్దు. "ఎడమ మూల చిరిగి ఉన్నది థైమస్" అని సీనియర్లు జూనియర్లకు చెప్పేస్తారు. వేర్వేరు బ్లాకుల నుంచి సెక్షన్లు స్కాన్ చేయించుకోవడం ఇందుకే.

ఎరుపు, ఆకుపచ్చ రంగులు వేరుపరచలేని విద్యార్థి ఏ బ్యాచ్‌లోనైనా ఉండవచ్చు, తనంతట తాను చెప్పకపోవచ్చు. గుర్తులకు ఆ రెండు రంగులు వాడకండి. నలుపు గీత మందంగా పెడితే చాలు. జవాబులు కూడా రంగు మీద కాకుండా ఆకారం, అమరిక మీద ఆధారపడేలా అడగండి.

స్కాన్ చేసిన అసలు ఫైళ్లను రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లో ఉంచి, ఒకటి విభాగంలో, మరొకటి గ్రంథాలయంలో పెట్టించండి. డీప్ జూమ్ ముక్కలు పోయినా మళ్లీ చేసుకోవచ్చు. అసలు ఫైలు పోతే మళ్లీ స్కానర్ దగ్గరికి వెళ్లాలి, అప్పటికి ఆ స్లైడు రంగు వెలిసిపోయి ఉండవచ్చు. సంకేత సంఖ్యల రిజిస్టర్‌కు కూడా ఒక నకలు తీసి ఆ రెండో డిస్కుతో పాటే ఉంచండి, విద్యార్థులకు అందని చోట.